పల్లెటూళ్లో హత్యా రహస్య నవల: హంతకుణ్ణి పాఠకులు ముందే పట్టేస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పల్నాడులో మీ ఊరి లాంటి ఊళ్లో జరిగే హత్యా రహస్యం రాస్తున్నారు. నలభై వేల పదాల అంచనా. నెత్తురు, బీభత్సం లేకుండా ఇంట్లో అందరూ హాయిగా చదువుకునేలా ఉండాలి. చిక్కుముడి విప్పేది రిటైరైన టీచరమ్మ. రెండు చోట్ల బండి ఆగింది. చిత్తుప్రతి చదివిన స్నేహితులు సగం కాకముందే హంతకుడి పేరు చెప్పేస్తున్నారు. ఎస్సై ఊళ్లోకి రాగానే టీచరమ్మకు చేయడానికి పనేమీ మిగలడం లేదు.

రెండింటికీ మూలం ఒకటే. మీ కథ ఎవరికీ తెలియని రహస్యం మీద ఆధారపడి ఉంది. దాన్ని తీసేసి, ఊరంతా చూసి ఊరంతా తప్పుగా అర్థం చేసుకున్న విషయం మీద కథ కట్టండి. పల్లెలో ఎవరింట్లో ఏ కూర వండారో వీధి చివరిదాకా తెలుస్తుంది. అలాంటి చోట చీకటి రహస్యమని రచయిత దేన్నో దాచిపెడితే, ఆ దాచిన చోటే పాఠకుడి కళ్లలో పడుతుంది. అందరికీ కనబడేదాన్ని అందరూ మామూలే అనుకుని వదిలేస్తే పాఠకుడూ వాళ్లతో పాటే వదిలేస్తాడు. పైగా అలాంటి ఆధారాన్ని చదవాలంటే ఊరి జీవితం తెలిసి ఉండాలి. అది ఎస్సైకి ఉండదు, టీచరమ్మకు ఉంటుంది. రెండో చిక్కూ అక్కడే విడిపోతుంది.

ఇక ఇది చేసే పద్ధతి.

ముందు ఊరి గడియారాలు రాసుకోండి. కథ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద మీ ఊళ్లో రోజూ ఒకే వేళకు జరిగే పనులన్నీ వరసగా పెట్టండి. గుడి మైకులో సుప్రభాతం, పాల కేంద్రం తెరిచే వేళ, మొదటి బస్సు, మిరపకోతల కూలీల ఆటో, బడి గంట, వ్యవసాయ మోటార్లకు త్రీఫేజు కరెంటు వచ్చే వేళ, కాలవ నీటి వంతు, సాయంత్రం పాలు, రాత్రి కల్లాల దగ్గర కాపలా. పల్లెలో చేతిగడియారం చూసుకుని సాక్ష్యం చెప్పేవాళ్లు తక్కువ. 'బస్సు వెళ్లాక చూశాను', 'పాలు పోసి వస్తుంటే కనబడ్డాడు' అంటారు. కాబట్టి హంతకుడు ఈ గడియారాల్లో ఒకదాన్ని తప్పు తిప్పితే చాలు, ఊరందరి సాక్ష్యమూ ఒకేసారి తప్పుతుంది. అందులో ఎవరూ అబద్ధం చెప్పరు. అది చాలా ముఖ్యం.

ఉదాహరణకు బోరు మోటారు. ఆటో స్టార్టరు పెట్టుకున్న మోటారు కరెంటు రాగానే తనంతట తాను తిరుగుతుంది. 'పొద్దున మోటారు వేశాడుగా, మనిషి చేలోనే ఉన్నాడు' అని పక్క చేను రైతు చెప్పే మాట అందుకే నిజం కాకపోవచ్చు. ఇది మంచి ఆధారమే, కాకపోతే వ్యవసాయం తెలిసిన పాఠకుడు వెంటనే పట్టేస్తాడు. కథ తెలంగాణలో పెడితే ఇది అంతగా కుదరదు కూడా. అక్కడ 2018 జనవరి నుంచి వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇవ్వడం మొదలైంది, కాబట్టి కరెంటు వచ్చే వేళంటూ ఉండదు. ఇంతకంటే లోతైనది ఒకటి మొదటినుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను. మీకు పనికొస్తే మార్చుకుని వాడుకోండి.

మార్చి నెల, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. చనిపోయేది వడ్డీకి డబ్బు తిప్పే అరవై అయిదేళ్ల పెద్దాయన. ఊరి చివర కల్లం, దాని పక్కనే పశువుల కొట్టం, అవతల నీళ్లు లేని పాత దిగుడుబావి. కల్లం కాపలాకని ఆయన కొట్టంలోనే పడుకుంటున్నాడు. ఆయనకొక గేదె. దూడ చచ్చిపోయింది కనుక అది అలవాటైన చేతికే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. రోజూ తెల్లవారుజామున తానే పిండి క్యాను గేటు దగ్గర పెడతాడు. ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చి పట్టుకెళ్లి పాల కేంద్రంలో పోస్తాడు. పదకొండు గంటలకు పెద్దాయన బావిలో కనబడతాడు. పాల కేంద్రం నడిపే ఆవిడ చెబుతుంది: 'పెద్దాయన ఇవాళ కూడా పాలు పోశారండీ, చీటీ ఉంది, 5.52.' దాంతో అప్పటికి మనిషి బతికే ఉన్నాడని ఊరంతా నమ్ముతుంది. ఎవరో తెచ్చినా ఖాతా పేరుతోనే చెప్పడం మన అలవాటు. ఆవిడ అబద్ధమాడలేదు.

జరిగింది వేరు. నాలుగున్నరకు ఆయన్ని బావిలోకి తోసినవాడు తిరిగొచ్చి గేదెను పిండి, క్యాను గేటు దగ్గర పెట్టి, 6.10 బస్సెక్కి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లిపోయాడు. పిండకపోతే గేదె అరిచి ఊరిని లేపుతుంది. పిండితే ఆయన ఆరు దాకా బతికున్నట్టు అవుతుంది. ఒక్క పనికి రెండు కారణాలు ఉండటం మంచి పథకానికి గుర్తు.

ఇప్పుడు ఆధారం. గేదె కొత్త చేతికి సరిగా చేపదు. పాలు పూర్తిగా దిగవు. పొదుగులో చివరగా వచ్చే పాలల్లోనే వెన్న ఎక్కువ కాబట్టి, సగం పిండిన పాలకు వెన్న శాతం పడిపోతుంది. ఆయన చీటీల్లో రోజూ నాలుగు లీటర్లు, వెన్న ఏడుకు పైన, ఎస్సెన్నెఫ్ (పాలల్లో వెన్న కాక మిగిలే గట్టి పదార్థం) తొమ్మిది. ఆ రోజు రెండున్నర లీటర్లు, వెన్న అయిదు, ఎస్సెన్నెఫ్ మాత్రం తొమ్మిదే. ఈ చివరి అంకె మరిచిపోకండి. నీళ్లు కలిపితే వెన్న, ఎస్సెన్నెఫ్ రెండూ పడతాయి. వెన్న ఒక్కటే పడి ఎస్సెన్నెఫ్ నిలబడిందంటే నీళ్లు కలపలేదు, పాలు చివరిదాకా దిగలేదు. పాడి ఉన్న పాఠకుడు 'నీళ్లు కలిపి ఉంటారులే' అనకుండా ఆపేది ఆ అంకే. మేత మారినా వెన్న మారుతుంది కనుక, ఆ వారమంతా మేత ఒకటేనని మరోచోట మాటల్లో చెప్పించాలి. దూడ లేదని మొదట్లోనే చెప్పాం, కాబట్టి చివరి పాలు దూడ తాగిందన్న మాటా రాదు.

దీనికి తోడు ఇంకొకటి. పొదుగులో పాలు మిగిలిపోయిన గేదె తొమ్మిది గంటల నుంచీ అరుస్తూనే ఉంటుంది. శవం బయటపడ్డాక ఊరు ఏమంటుంది? 'మూగజీవానికి ముందే తెలిసిపోయిందమ్మా' అని కళ్లు తుడుచుకుంటుంది. అందరూ విన్నారు, అందరూ తప్పుగా అర్థం చేసుకున్నారు. పాఠకుడు కూడా ఆ దుఃఖంలో పడి అసలు సంగతి వదిలేస్తాడు. ఇలాంటి భావోద్వేగపు ముసుగు వేసిన ఆధారం కథలో ఒక్కటైనా ఉండాలి.

తరవాత అనుమానితులు. అయిదుగురు చాలు. ఏడుగురైతే పాఠకుడు పేర్లు మరిచిపోతాడు, ముగ్గురైతే ఊహించేస్తాడు. ఒక్కొక్కరికి ఒక కారణం, ఒక అబద్ధం, ఆ అబద్ధానికి హత్యతో సంబంధం లేని ఒక సిగ్గు లేదా భయం ఇవ్వండి. హంతకుడు తప్ప మిగతా నలుగురి అబద్ధాలూ చివరికి చిన్న మానవ బలహీనతలుగా తేలాలి. హాయిగా చదివే కథకు ఆ హాయి అక్కడి నుంచే వస్తుంది.

ముఖ్యంగా, ఒకే ఆధారంతో ఒక్కొక్కరినీ తప్పించగలగాలి. పై ఉదాహరణలో కోడలికి మామగారితో ఆస్తి తగాదా ఉంది, అందరి అనుమానమూ ఆమె మీదే. కానీ పగలంతా ఆ గేదెకు కుడితి, గడ్డి పెట్టేది ఆమె. దానికి ఆమె అలవాటే. ఆమె పిండి ఉంటే వెన్న అంత పడదు. ఆమెను దోషిగా చూపిస్తుందనుకున్న కొట్టమే ఆమెను విడిపిస్తుంది. ఆర్‌ఎంపీ డాక్టరుకు పాలు పిండటమే రాదు, అది వేరే సందర్భంలో ముందే చూపించి ఉంచాలి. మిర్చి కమీషన్ కొట్టు గుమస్తా ముందురోజు రాత్రే ఊళ్లో దిగాడు, క్యాను గేటు దగ్గర పెట్టే అలవాటు అతనికి తెలిసే దారి లేదు. కౌలు రైతు నాలుగు నుంచి ఆరు దాకా నీటి వంతుకు తూము దగ్గర మరో ఇద్దరితో ఉన్నాడు. మిగిలేది తమ్ముడి కొడుకు. పాలు పిండటం వచ్చు, అలవాట్లన్నీ తెలుసు, కానీ గేదెకు అతని చేయి కొత్త. ఆరు తర్వాత అందరికంటే గట్టి సాక్ష్యం ఉన్నవాడు అతనే. ఆరుకు ముందు ఏ సాక్ష్యమూ లేనివాడూ అతనే.

అతని కారణం కూడా ఊరికి తెలిసిందే అయి ఉండాలి. పెద్దాయన దగ్గర ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఆలోపు దావా వేయాలి, లేదా కొంత డబ్బు జమ కట్టించుకుని నోటు వెనక అప్పుపడ్డవాడి సంతకంతో చెల్లు రాయించుకోవాలి. చెల్లు పడితే మళ్లీ మూడేళ్లు. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా చావు జరిగితే, కర్మకాండల హడావుడిలో వారసులు ఇనప్పెట్టె తీసేసరికి గడువు దాటిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఈ అప్పు ఎవరికీ తెలియదని రాయడం. నోటుకు దస్తూరి రాసినవాడుంటాడు, సాక్షి సంతకాలుంటాయి. అవి చేసినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. అందుకని అప్పు సంగతి అందరికీ తెలుసుననే పెట్టండి. రెండేళ్ల క్రితం అతను ఇళ్ల స్థలం అమ్మినప్పుడు తీర్చేశాడని అందరూ అనుకుంటున్నారు, అంతే. ఇదీ చూసి తప్పుగా అర్థం చేసుకున్నదే. కథ పొడవునా ఒకే సూత్రం నడిస్తే చివర్లో పాఠకుడికి 'అరే, అంతా కళ్ల ముందే ఉంది కదా' అనిపిస్తుంది.

చనిపోయిన వేళ గురించి ఒక హెచ్చరిక. నిజంగా చనిపోయిన వేళకూ, చనిపోయినట్టు నమ్మించే వేళకూ మధ్య రెండు గంటలకు మించి తేడా పెట్టకండి. వేసవిలో శవం బిగుసుకోవడం గంట రెండు గంటల్లో దవడ దగ్గర మొదలై పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా పాకుతుంది. చావు అర్ధరాత్రి జరిగిందని మీరు పెట్టి, ఆరుకు బతికున్నాడని సాక్ష్యం చూపిస్తే, పదకొండింటికి శవాన్ని కదిపిన హెడ్ కానిస్టేబులే తేడా చెప్పేస్తాడు. ఇవి చూసి ఏ డాక్టరూ గంట కొట్టినట్టు కచ్చితమైన వేళ చెప్పలేడు, ఎండ, ఒంటి తీరు, చోటు బట్టి మారుతుంది. నాలుగున్నరా, ఆరున్నరా అన్న తేడా శవపరీక్షలో తేలకపోవడం సహజం. ఆ సందులోనే మీ కథ నడవాలి. వెలుతురు కూడా చూసుకోండి. మార్చి మధ్యలో పల్నాడులో సూర్యోదయం సుమారు ఆరూ ఇరవైకి. నాలుగున్నరకు పూర్తి చీకటి, క్యాను తీసుకెళ్లే కుర్రాడికి మసక వెలుతురు. అదే మేలో పెడితే అయిదున్నరకే తెల్లగా తెల్లారిపోయి మీ పథకం చెడుతుంది.

ఇక పోలీసులు. పల్లెలో హత్యా రహస్యానికి మొదటి అడ్డంకి ఎస్సై కాదు, శ్మశానం. బావిలో కాలుజారి పడ్డాడని నమ్మితే సాయంత్రంలోగా దహనం అయిపోతుంది, కథ మూడో పేజీలోనే ముగుస్తుంది. దహనాన్ని ఆపేది ఎవరు, ఎందుకు? టీచరమ్మ 'నాకు అనుమానంగా ఉంది' అంటే ఎవరూ వినరు. అమాయకమైన, ప్రాక్టికల్ కారణం కావాలి. బ్యాంకు ఖాతా ద్వారా తీసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా, ఏడాదికి 20 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో పోతే 2 లక్షలు. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల వయసు వాళ్లకు వర్తిస్తుంది, మన పెద్దాయనకు అరవై అయిదు. ఆ డబ్బు రావాలంటే పోలీసు కేసు, పోస్టుమార్టం కాగితాలు కావాలని ఎవరో గుర్తుచేస్తారు. ఇంటివాళ్లే స్టేషనుకు ఫోను చేస్తారు. ప్రమాదమని నిరూపించడానికి చేయించిన పోస్టుమార్టం, రెక్కల మీద వేళ్లు నొక్కిన కమిలిన గుర్తులు చూపిస్తుంది.

ఇక్కడినుంచి వరస ఇలా నడుస్తుంది. మొదట అనుమానాస్పద మృతిగా కేసు కడతారు. 2024 జులై 1 తర్వాత జరిగే కథైతే అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. అంతకు ముందైతే సీఆర్‌పీసీ 174. ఎస్సై శవ పంచనామా చేస్తాడు. దానికి ఆ చుట్టుపక్కల ఉండే పరువుగల వ్యక్తులు ఇద్దరో, అంతకంటే ఎక్కువమందో పంచాయతీదార్లుగా ఉండాలి. టీచరమ్మను అందులో ఒకరిగా పెట్టండి. రిటైరైన ఉపాధ్యాయురాలిని పిలవడం పూర్తిగా సహజం. ఆమె శవాన్ని, బావిని, కొట్టాన్ని చట్టబద్ధంగా దగ్గరనుంచి చూస్తుంది. గేదె అరుపు అప్పుడే వింటుంది. తర్వాత శవం పట్టణంలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్తుంది. డాక్టరు అభిప్రాయం వచ్చాక సెక్షన్ మార్చి హత్య కేసు చేస్తారు, భారతీయ న్యాయ సంహిత 103, పాతదైతే ఐపీసీ 302. దర్యాప్తు సాధారణంగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చేతికి వెళ్తుంది. క్లూస్ టీమ్, జాగిలం వస్తాయి. అప్పటికి శవాన్ని పైకి తీయడానికి పాతికమంది బావి చుట్టూ తొక్కి ఉంటారు. ఆ అడుగుజాడల గందరగోళాన్ని వాడుకోండి. జాగిలం కొట్టం దాకా వెళ్లి ఆగిపోతుంది, అందరూ కోడలి వైపు చూస్తారు.

ఎస్సైని తెలివితక్కువవాడిగా రాయొద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. పోలీసును వెర్రివాణ్ణి చేస్తే టీచరమ్మ గెలుపుకు విలువ ఉండదు. ఆయన చేయగలిగినవి ఆయన బాగా చేయాలి. కాల్ రికార్డులు, బ్యాంకు లావాదేవీలు, బస్సు కండక్టరు వాంగ్మూలం అన్నీ నిజాయితీగా రాబట్టాలి. అవన్నీ నిజమే అయినా, వాటిని ఆరు గంటల తర్వాతి వేళకు అన్వయిస్తున్నాడు కనుక ఫలితం తప్పుతుంది. సెల్ టవరు సంగతి మీ స్నేహితుల్లో ఎవరో అడిగి ఉంటారు. పల్లెలో ఒక టవరు కొన్ని కిలోమీటర్ల మేర పనిచేస్తుంది. అనుమానితులందరూ ఒకే టవరు కింద ఉంటారు, ఎవరు బావి దగ్గరున్నారో, ఎవరు మంచం మీదున్నారో అది చెప్పదు.

టీచరమ్మకు మాత్రమే ఉండే దారులు వేరు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వంట పంపుతారు. క్యారేజీ పట్టుకుని ఆమె వంటింటి దాకా వెళ్లగలదు. ఆడవాళ్లను, అరవై దాటిన మగవాళ్లను సాక్షులుగా స్టేషనుకు రప్పించకూడదు, వాళ్లున్న చోటికే పోలీసులు వెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ వసారాలో కుర్చీ వేసుకుని అడిగే పదిహేను నిమిషాలకూ, పెరట్లో చింతపండు గింజలు తీస్తూ ఆమె గడిపే రెండు గంటలకూ ఉన్న తేడాయే మీ నవల. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. చేతిరాతలు ఆమెకు తెలుసు. పాల చీటీల కట్ట కోడలు తెచ్చి 'పదిహేను రోజుల బిల్లు ఎంతొస్తుందో కూడి పెట్టండి టీచరుగారూ' అని అడుగుతుంది. ఆధారం ఆమె చేతికి అలా రావాలి, వెతుక్కుంటూ వెళ్లకూడదు.

చివరి సన్నివేశం. అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం మనకు సహజంగానే దొరుకుతుంది. పెద్దకర్మ రోజు అనుమానితులంతా వద్దన్నా ఒకే షామియానా కింద ఉంటారు. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చి భోజనం చేసి వెళ్లవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ అదే చెబుతుంది. 'అవును, నేనే చంపాను' అని అరిపించి కథ ముగిస్తే చట్టం తెలిసిన పాఠకుడు పెదవి విరుస్తాడు. ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. కాబట్టి ఒక వస్తువు పెట్టండి. పెద్దాయన దగ్గర అతను కాజేసిన ఇనప్పెట్టె తాళంచెవి బాగుంటుంది. కాగితమైతే కాల్చేసి ఉంటాడు, ఇనుము కాలదు. అతను చూపించిన గడ్డివామిలోంచి మధ్యవర్తుల సమక్షంలో తీస్తారు.

ఆధారాలు ఎక్కడ పెట్టాలి. నలభై వేల పదాలకు ముప్పై సన్నివేశాలు అనుకుందాం, ఒక్కోటి పదమూడు వందల పదాల చొప్పున. శవం నాలుగో సన్నివేశం దాటకూడదు. గేదె అలవాటైన చేతికే చేపుతుందన్న సంగతి చావుకు ముందే రావాలి, అదీ పెద్దాయన మంకుతనాన్ని చూపించే మాటగా రావాలి. 'నేను ఊరెళ్తే అది కొత్తవాళ్లకు చేపదు, అందుకే కూతురింటికి కూడా పోను.' పాఠకుడు దాన్ని స్వభావ చిత్రణగా తీసుకుంటాడు. పాల చీటీ పదో సన్నివేశం లోపు రావాలి, మూడు నాలుగు అంకెల మధ్యలో, బిల్లు లెక్కగా. దాని వెంటనే పెద్ద గొడవ ఏదైనా పెట్టండి, కోడలికీ ఆడపడుచుకీ మాటామాటా పెరగడం లాంటిది. ఆధారం తర్వాత వచ్చే రెండు పేరాలే దాన్ని దాచేవి. ఎస్సెన్నెఫ్ అంకె అర్థం వేరే సన్నివేశంలో, ఇంకెవరో నీళ్లు కలిపి పట్టుబడిన గొడవలో చెప్పించండి. రెండు ముక్కలూ ఒకే పేజీలో ఉంటే పాఠకుడు కలిపేస్తాడు. కనీసం ఆరేడు సన్నివేశాల దూరం ఉంచండి.

అనుమానితుల్ని ఒకేసారి చివర్లో తప్పించొద్దు. ఆర్‌ఎంపీ పదమూడో సన్నివేశానికి, కౌలు రైతు పదిహేడుకు, గుమస్తా ఇరవై ఒకటికి తేలిపోవాలి. కోడలి అరెస్టు దాదాపు ఖాయమైన చోట, ఇరవై నాలుగు దగ్గర, టీచరమ్మకు అసలు విషయం తట్టాలి.

మీ స్నేహితులు ముందే ఎందుకు పట్టేస్తున్నారు? నేను చూసే చిత్తుప్రతుల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఒకే కారణం. హంతకుడికి కథలో చేయడానికి పని ఉండదు, అయినా ప్రతి అధ్యాయంలో కనబడుతుంటాడు. పాఠకుడు వెంటనే 'వీణ్ణి ఎందుకు తెస్తున్నాడు?' అనుకుంటాడు. మందు ఏమిటంటే అతనికి నిజంగా అవసరమైన పని ఇవ్వడం. మోకాళ్ల నొప్పుల టీచరమ్మను బండి మీద ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్లేది తమ్ముడి కొడుకే కావాలి. అతను లేకపోతే దర్యాప్తే సాగకూడదు. ఇంకో కారణం మంచితనం. అందరూ ఏదో ఒక తప్పు చేసినవాళ్లుగా ఉండి ఒక్కడే మచ్చలేనివాడైతే వాడే దొంగ. అతనికీ ఒక చిన్న అబద్ధం ఇచ్చి, దాన్ని మధ్యలో బయటపెట్టి, క్షమించేయండి. ఒకసారి అనుమానించి వదిలేసిన మనిషిని పాఠకుడు మళ్లీ అనుమానించడానికి బద్ధకిస్తాడు.

వాడకూడనివి. పురుగుమందు పెట్టొద్దు. తెలుగు పాఠకుడికి ఆ డబ్బా చూడగానే అప్పులపాలైన రైతు గుర్తొస్తాడు, హాయి అక్కడే చచ్చిపోతుంది. పైగా చాలా మందుల ఘాటు వాసన వల్ల తెలియకుండా తాగించడం కష్టం. పరువు హత్య, వరకట్నపు చావు, పసిపిల్లల చావు ఈ రకం కథకు తగవు. అవి చిక్కుముడిగా వాడుకునే విషయాలు కావు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల చనిపోతే శవ పంచనామా తహసీల్దారు స్థాయికి వెళ్తుంది, కథ స్వరూపమే మారిపోతుంది. కులం లేని పల్లె రాయడం అబద్ధమే అవుతుంది. ఎవరి వంటింట్లోకి ఎవరు వెళ్లగలరు, ఎవరు వసారా దగ్గరే ఆగుతారు అన్నది అవకాశాల లెక్కలో ఉండి తీరాలి. దాన్ని కళ్లు తెరిచి రాయండి, హంతకుణ్ణి తేల్చే కొలబద్దగా మాత్రం వాడకండి.

పేర్ల విషయం. పల్లెలో ప్రతివాడూ ప్రతివాణ్ణీ బాబాయ్, మామా, పెద్దమ్మా అంటాడు. సంభాషణల్లో అలాగే ఉండనివ్వండి, కథనంలో మాత్రం ఒక్కొక్కరికి ఒకే గుర్తు పెట్టి చివరిదాకా మార్చకండి. అయిదుగురు అనుమానితుల పేర్లూ అయిదు వేర్వేరు అక్షరాలతో మొదలుకావాలి. వెంకటేశ్వర్లు, వెంకట్రావు, వీరయ్య ఒకే కథలో ఉంటే పాఠకుడు మూడో అధ్యాయంలో పుస్తకం మూసేస్తాడు.

పాతకాలంలో పెట్టాలనుకుంటే సెల్‌ఫోన్ల బెడద తప్పుతుంది, కానీ వేరే జాగ్రత్తలు కావాలి. మునసబు, కరణం వంశపారంపర్య పదవులు 1984లో రద్దయ్యాయి. మండలాలు 1985లో వచ్చాయి. 1983 కథలో ఎవరి నోటా 'మండలం' అనే మాట రాకూడదు, తాలూకా, సమితి అనాలి. చీటీ ముద్రించే పాల యంత్రమూ అప్పుడు ఉండదు. మీ ఆధారం పాల కేంద్రం పుస్తకంలో చేత్తో రాసిన అంకె అవుతుంది, దాన్ని దిద్దడం సులువు. అది ఇంకో అవకాశం.

రాయడం పూర్తయ్యాక పరీక్ష ఇలా పెట్టండి. ఇరవై మూడో సన్నివేశం దాకానే ముగ్గురికి ఇవ్వండి. ఒకరికి పల్లె తెలిసి ఉండాలి, ఒకరికి అసలు తెలియకూడదు. హంతకుడి పేరు, కారణం రెండూ కాగితం మీద రాయమనండి. పేరు సరిగ్గా, కారణం తప్పుగా చెబితే ఆధారాలను ముట్టుకోకండి, ఆ పాత్ర నడకను సరిచేయండి. పేరూ కారణమూ ఇద్దరు చెప్పగలిగితే చీటీ సన్నివేశం మరీ బిగ్గరగా ఉందన్నమాట. ఎవరూ చెప్పలేక, చివర చదివాక 'ఇది ఎక్కడ చెప్పారు?' అని అడిగితే ఆధారం చాలలేదు. పల్లె తెలియనివాళ్లకు చేపడం, చివరి పాలు అన్నవి అర్థమయ్యాయో లేదో విడిగా అడగండి. అర్థం కాకపోతే చావుకు ముందు వచ్చే కొట్టం సన్నివేశంలో రెండు వాక్యాలు పెంచితే సరిపోతుంది.

ఊరి పేరు అసలుదే పెట్టవచ్చా అని కూడా అడిగారు. వద్దు. ఊరిని కల్పించండి, చుట్టూ ఉన్న నరసరావుపేట, గుంటూరు యార్డు, సాగర్ కుడి కాలవ మాత్రం నిజమైనవే ఉంచండి. కల్పించిన పేరుతో ఆ చుట్టుపక్కల నిజంగా ఊరేదీ లేదని జనగణన గ్రామాల జాబితాలో చూసుకోండి. మీ ఊళ్లో ఉన్న ఇంటిపేర్లు హంతకుడికీ, చనిపోయినవాడికీ పెట్టకండి.